చి.ల.సౌ. కోర్సివా

మా చెల్లెలి పెళ్లి శుభలేఖల పని బాబాయికి అప్పగించడం మా నాన్న చేసిన మొదటి తప్పు. ఆయనకు తోడుగా నన్ను పంపడం రెండోది.

డీటీపీ కుర్రాడు ఫాంట్లు చూపిస్తుంటే బాబాయి చూపు మోనోటైప్ కోర్సివా దగ్గర ఆగిపోయింది. కుడివైపుకు ఒయ్యారంగా వాలి, పెద్ద అక్షరాలు, అదే క్యాపిటల్స్, కొంగులు ఎగరేస్తూ నిలబడ్డాయి. "పెళ్లికళ అంటే ఇదీ!" అని, ఇంగ్లీషు వైపు మొత్తం పెద్ద అక్షరాల్లోనే కొట్టించారు. ప్రూఫులో మా చెల్లెలి పేరు పొట్లపాదులా అల్లుకుపోయింది. వియ్యంకుడి ఇంటిపేరు ఆ పాదులోనే ఎక్కడో కాసి ఉండాలి.

"సార్, ఈ పెద్ద అక్షరం మాటకు ఒక్కటే ఉండాలండి. అన్నీ పక్కపక్కన చేరితే తోకలు చిక్కుపడతాయి" అన్నాడు కుర్రాడు.

నిజమే. ఈ వాలు రాత పదిహేనో శతాబ్దపు ఇటలీది. పోపు గారి కచేరీ గుమస్తాలు చకచకా రాయడానికి వాడుకున్నది. 1979లో జర్మన్ లిపికళాకారుడు హెర్మన్ జాఫ్ గీసిన జాఫ్ ఛాన్సరీ అనే ఫాంటుకు మన కోర్సివా పోలికల్లో చెల్లెలు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే అచ్చు పనివాడు ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాలను వాలు అక్షరాల్లో అచ్చువేసినప్పుడు చిన్నవాటినే వాల్చి, పెద్దవాటిని నిటారుగా ఉంచాడు. ఆ నిగ్రహం మా బాబాయికి లేదు.

అయినా దిద్దుబాటుకు ఒప్పుకున్నారు. "మరి తెలుగు వైపు ఏం పాపం చేసింది? దానికీ ఇదే పెట్టు" అన్నారు. అది ఇంగ్లీషు ఫాంటు, కుదరదండి అని చెప్పి కుర్రాడు టీకి వెళ్లాడు. మౌసు పట్టడం ఈమధ్యే నేర్చిన బాబాయి, తెలుగంతా ఎంపిక చేసి ఫాంటు మార్చేశారు. నేను ఫోనులో క్రికెట్ స్కోరు చూస్తున్నాను.

పాత డీటీపీ తెలుగు ఫాంట్లకు ఒక గుట్టుంది. లోపల కంప్యూటరు దాచుకునేవి రోమన్ గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. వేషం తీసేసరికి శ్రీరస్తు, శుభమస్తు పోయి డాలరు గుర్తులు, నెత్తిన కొమ్ములు మొలిచిన ఈలు, కింద తోకలున్న సీలు బారులు తీరాయి. అన్నీ ఒయ్యారంగా వాలి! కళ్లజోడు ఇంట్లో మరిచిన బాబాయి "ఎంత నిండుగా ఉందో" అని మురిసిపోయారు. తిరిగొచ్చిన కుర్రాడు, రెండు వైపులా ఇంగ్లీషే కావాలన్నారేమో అనుకుని అచ్చుకు పంపేశాడు.

అయిదు వందలు. నానమ్మ నాలుగు మూలలా పసుపు రాసింది. సగం పోస్టులో వెళ్లిపోయాయి.

మొదటి ఫోను తెనాలి నుంచి, మా పెద్దత్తయ్య.

"ఏరా, ఒకవైపు ఇంగ్లీషట, రెండోవైపు ఏమిటో నా మనవడికే అంతుబట్టలేదు. కొమ్ములున్న అక్షరాలు ఫ్రెంచివంటున్నాడు. పెళ్లి ఫ్రాన్సులోనా? మాకు పాస్‌పోర్టులు లేవు."

బాబాయి నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"అది సరే అక్కయ్యా, అక్షరాలు ఎలా ఉన్నాయి?"