సవరణ: రెండు బెంగాల్‌ల మధ్య రైళ్లు ఆగింది 1947లో కాదు

దేశ విభజన, రైల్వేల గురించిన పోస్టులో "1947 ఆగస్టుతో కలకత్తా నుంచి తూర్పు బెంగాల్‌కు రైళ్లు ఆగిపోయాయి" అని ఉంది. సరిహద్దు గీశాక కూడా అవి నడిచాయి. 1952లో పాస్‌పోర్టు నిబంధన వచ్చింది, కస్టమ్స్ తనిఖీలూ ఉండేవి, అయినా నడిచాయి. ఆగింది 1965 యుద్ధంతో.

అలాగని విభజన దెబ్బ ఆలస్యంగా తగిలిందనుకోవద్దు. కలకత్తా నుంచి ఉత్తర బెంగాల్‌లోని సిలిగురికి పాత మెయిన్ లైన్ పద్మ నది మీది హార్డింజ్ బ్రిడ్జి దాటి, ఈశ్వర్ది, పార్వతీపూర్ మీదుగా పోయేది. ఆ మధ్య ముక్కంతా పాకిస్తాన్‌లో పడింది. అస్సాంకైతే మన భూభాగం మీదుగా పూర్తి రైలు దారే లేకుండా పోయింది. అస్సాంలోని ఫకీరాగ్రామ్, బీహార్‌లోని కిషన్‌గంజ్‌ల మధ్య ఉన్న ముక్కల్ని కలుపుతూ 1948లో పని మొదలుపెట్టి, 1950 జనవరికల్లా మీటర్‌గేజ్ లైన్ తెరిచారు. దారిలో తీస్తా లాంటి నదులున్నాయి మరి, చిన్న పనేం కాదు.

"ఆ తర్వాత సిలిగురి రైళ్లను ఫరక్కాకు మళ్లించారు" అన్న మాటకూ వివరణ కావాలి. ఫరక్కా దగ్గర గంగ మీద కట్టిన బ్యారేజీ దాటి రైళ్లు నడిచింది 1971 నుంచి. అంతవరకూ నదిని స్టీమర్‌లోనే దాటాలి. 1960ల మొదటి ఏళ్ల దాకా అయితే సక్రిగలి ఘాట్‌లో బ్రాడ్‌గేజ్ రైలు దిగి, పెట్టేబేడా పట్టుకుని స్టీమర్‌లో నది దాటి, మణిహారి ఘాట్‌లో మీటర్‌గేజ్ రైలెక్కాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఎంత టెన్షనో!

పశ్చిమ బెంగాల్‌లోని హల్దీబారీని బంగ్లాదేశ్‌లోని చిలాహటితో కలిపే లైన్‌ను "కొత్త లైన్" అన్నదీ సరికాదు. 1965లో మూతపడ్డ పాత దారినే 2020 డిసెంబరులో మళ్లీ తెరిచారు.