పిల్లలు ఎందుకు ఆపుకుంటున్నారు?

కడుపునొప్పి అంటూ పిల్లల డాక్టర్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే చిన్నారుల్లో చాలామందికి కడుపులో పెద్ద జబ్బేమీ ఉండదు. విరేచనం సాఫీగా కావడం లేదు, అంతే. ఈ మాట చెబితే తల్లిదండ్రులు ఓ పట్టాన నమ్మరు. ‘‘రోజూ వెళ్తాడండీ’’ అంటారు. ఎంత వెళ్తున్నాడు, గట్టిగా వస్తోందా, వెళ్లేటప్పుడు ఏడుస్తున్నాడా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బిడ్డ సొంతంగా బాత్రూమ్‌కు వెళ్లడం నేర్చాక ఆ సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఒళ్లు కాస్త వెచ్చబడితే థర్మామీటరు పెడతాం, దగ్గితే రాత్రంతా మేలుకుంటాం. మలబద్ధకాన్ని మాత్రం జబ్బుల లెక్కలోనే వేసుకోం.

ఇది మొదలయ్యే తీరు చూడండి. పాలసీసా వదలని రెండు మూడేళ్ల పిల్లాడికి ఒకరోజు విరేచనం బాగా గట్టిగా వస్తుంది. ఆసనం దగ్గర చర్మం చిట్లి రెండు చుక్కల రక్తం కూడా పడుతుంది. ఆ నొప్పిని వాడు మరిచిపోడు. మర్నాడు వస్తున్నట్టు అనిపించగానే తలుపు వెనక్కో సోఫా పక్కకో వెళ్లి, కాళ్లు ఒకదానితో ఒకటి మెలేసి, మునివేళ్ల మీద లేచి, మొహం ఎర్రబడేదాకా బిగబడతాడు. చూసినవాళ్లు ‘పాపం, ముక్కుతున్నాడు, రావడం లేదు’ అనుకుంటారు. నిజానికి వాడు ముక్కడం లేదు, ఆపుకుంటున్నాడు. ఆపుకున్న కొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తుంది. మలం ఇంకా గట్టిపడుతుంది. మరుసటిసారి ఇంకా నొప్పి. దాంతో ఇంకా ఆపుకుంటాడు.

నెలల తరబడి ఇదే సాగితే పెద్దపేగు చివర మలం నిలిచే పురీషనాళం సాగిపోయి, నిండిన సంగతే బిడ్డకు తెలియకుండా పోతుంది. గట్టి ఉండల పక్కనుంచి పలచటి మలం జారి చెడ్డీకి అంటుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలు పట్టుకున్నాయనుకుని వాటిని కట్టించే మందు పోస్తారు. అంటే ఉన్న జబ్బుకు సరిగ్గా వ్యతిరేక మందు. లేదంటే ‘ఎనిమిదేళ్లొచ్చాయి, సిగ్గులేదా’ అని నాలుగు తగిలిస్తారు. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడంతో పక్క తడపడం, ఆడపిల్లలకు మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం కూడా ఇక్కడినుంచే మొదలు కావచ్చు. కొట్టినంత మాత్రాన మానేది కాదిది. బిడ్డ చేతిలో లేని పని అది.

దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరీక్షలేమీ అక్కర్లేదు. మలబద్ధకాన్ని గుర్తించడానికి 2016లో సవరించిన రోమ్-4 అనే ప్రమాణాలను పిల్లల ఉదరకోశ నిపుణులు ప్రపంచమంతటా వాడుతున్నారు. అవి ఇవీ: వారానికి రెండుసార్లు లేదా అంతకన్నా తక్కువగా వెళ్లడం, బలవంతంగా ఆపుకోవడం, నొప్పితో గట్టిగా రావడం, టాయిలెట్ మూసుకుపోయేంత లావుగా రావడం, చెడ్డీలో పడటం, పురీషనాళంలో పెద్ద ముద్ద ఉండటం. నాలుగేళ్లు దాటిన పిల్లల్లో వీటిలో ఏ రెండైనా నెల రోజులుగా ఉంటే, వేరే జబ్బు సూచనలేమీ లేకపోతే, రోగ నిర్ధారణ అయిపోయినట్టే. డాక్టరు నాలుగు ప్రశ్నలు వేసి, పొట్ట ఎడమవైపు కింద చేత్తో తడిమి, ఆసనం దగ్గర ఓసారి చూస్తే చాలు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ అందరికీ తీయాల్సిన పనిలేదని మార్గదర్శకాలే చెబుతున్నాయి. మన దగ్గర జరిగేది మాత్రం తారుమారు. ముందు స్కాన్ తీస్తారు. ‘కడుపులో చిన్న చిన్న గ్రంథులు వాచాయి’ అని రిపోర్టు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ అవి తరచూ కనిపిస్తాయి. కానీ ఆ కాగితం చూసిన క్షణం నుంచి టీబీయేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. అసలు ప్రశ్న మాత్రం అడగకుండానే మిగిలిపోతుంది.

అలాగని ప్రతిదీ తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. పుట్టిన 48 గంటల్లో నల్లటి తొలి మలం పోకపోయినా, మొదటి నెలలోనే మలబద్ధకం మొదలైనా, పొట్ట ఉబ్బి ఆకుపచ్చ వాంతులవుతున్నా, బరువు పెరగకపోయినా, వెన్ను కింద గుంటో వెంట్రుకల కుచ్చో కనిపించినా ఆలస్యం చేయకూడదు. పేగు చివరి భాగంలో నరాల కణాలు లేకుండా పుట్టే హిర్ష్‌స్ప్రుంగ్ జబ్బు ఇలాగే బయటపడుతుంది. బయాప్సీతో నిర్ధారించి ఆపరేషన్ చేయాల్సిన జబ్బు అది. థైరాయిడ్ లోపం కూడా ఇలాగే దాగి ఉండొచ్చు. పరీక్షలు కావాల్సింది ఈ కొద్దిమందికి.

చికిత్సలో మనం తప్పటడుగు వేసేది రెండు చోట్ల. మొదటిది, పేగు నిండిపోయి ఉండగానే అరటిపండు పెట్టి, నీళ్లు తాగించి ఊరుకోవడం. పేరుకున్నదాన్ని ముందు ఖాళీ చేయాలి. మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని బరువును బట్టి, డాక్టరు చెప్పిన మోతాదులో మూడు నుంచి ఆరు రోజులు నోటి ద్వారా ఇస్తే చాలామందికి సరిపోతుంది. తమలపాకు కాడను ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం ఇప్పటికీ చాలా ఇళ్లలో చూస్తున్నదే. చిట్లిన చోట సబ్బు తగిలితే ఎలా ఉంటుందో పెద్దవాళ్లు ఒక్క క్షణం ఊహించుకుంటే మంచిది. బాధ చుట్టూ పుట్టిన జబ్బుకు ఇంకో బాధ మందు కాదు.

రెండో తప్పు, నాలుగు రోజులు సాఫీగా కాగానే మందు మానేయడం. ‘అలవాటు పడిపోతాడు’ అన్న భయమే దీనికి కారణం. సాగిన పేగు మళ్లీ మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది. కనీసం రెండు నెలలు వాడాలి. ఇబ్బందులన్నీ పోయాక కూడా నెల రోజులు ఆగి, ఆపైన మెల్లగా తగ్గించాలి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. మందుతో పాటు, తిన్న తర్వాత ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టడం అలవాటు చేయాలి. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది కాబట్టి ఆ వేళ అనుకూలం. మన పాత పద్ధతిలో గొంతుక్కూర్చోవడం నిజానికి ఇందుకు చక్కగా సరిపోయేది. వెస్ట్రన్ కమోడ్ మీద కాళ్లు గాల్లో వేలాడుతూ కూర్చున్న బిడ్డకు పట్టు దొరకదు. కాళ్ల కింద చిన్న పీట వేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. పాలు తగ్గించి తోటకూర, జామకాయ, జొన్నరొట్టె, పప్పు పెట్టాలన్నది అందరికీ తెలిసినదే.

ఇంతవరకూ ఇల్లు, ఆసుపత్రి చేయగల పని. ఆ తర్వాతిది బడిది. ఏడున్నరకు బస్సు ఎక్కే పిల్లలకు ఇంట్లో కూర్చునే తీరికెక్కడిది? ఇక బడిలోనే అవసరం తీర్చుకోవాలి. అక్కడ గడియ లేని తలుపు, నీళ్లు రాని కుళాయి, గుమ్మం దాకా వచ్చే కంపు. ‘రెంటికి’ అని వేలు చూపిస్తే నవ్వే తరగతి, ‘ఇంటర్వెల్‌లో వెళ్లొచ్చు కదా’ అని కూర్చోబెట్టే టీచరు. ఆడపిల్లలు దీనికి తమకు తామే ఒక ఉపాయం కనిపెట్టారు: నీళ్లు తాగకపోవడం. పిల్లలతో నీళ్లు తాగించడానికి కేరళ 2019లో బడుల్లో ‘వాటర్ బెల్’ పెట్టింది. మంచిదే. తాగినవి బయటికి పోయే దారి కూడా బాగుంటేనే ఆ గంటకు విలువ.

చట్టాలకు, తీర్పులకు కొదవ లేదు. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆరు నెలల్లో అన్ని బడుల్లో ఏర్పాటు చేయాలని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. స్వచ్ఛ విద్యాలయ కింద 2015 నాటికి లక్షల్లో కట్టేశామన్నారు. అందులో ప్రభుత్వరంగ సంస్థలు కట్టినవాటిని కాగ్ బృందాలు 15 రాష్ట్రాల్లో పరిశీలిస్తే, 72 శాతం మరుగుదొడ్లలో లోపల కుళాయి నీళ్లు లేవని తేలింది. కట్టడం మనకు బాగానే వచ్చు. కడగడమే రాదు.

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో పూర్తిగా వెనకబడ్డాయనలేం. ఏపీలో 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో, తెలంగాణలో 2022 నాటి మన ఊరు-మన బడిలో నీటి వసతితో కూడిన మరుగుదొడ్లు చేరాయి. మరుగుదొడ్ల నిర్వహణ కోసం ఏపీలో 2021 అమ్మఒడి సొమ్ములోంచి వెయ్యి రూపాయలు మినహాయించారు. 2025లో తల్లికి వందనం 15 వేలలో 2 వేలు బడుల నిర్వహణకు పక్కన పెట్టి, తల్లుల ఖాతాల్లో 13 వేలు వేశారు. తల్లి పేరు మీద వచ్చిన డబ్బే ఇది. తన ఊరి బడి మరుగుదొడ్డికి ఏడాదిలో ఎంత ఖర్చు పెట్టారో బడి గోడ మీద రాయమని అడిగే హక్కు ఆమెకు ఉంది. తెలంగాణలో మహిళా సంఘాలతో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలూ ఈ లెక్క అడగాలి. లక్షల్లో ఫీజులు గుంజే ప్రైవేటు బడులకు ఈ పరిశీలన అసలే లేదు. రెండంతస్తులకు ఒక టాయిలెట్ ఉన్న చోట కూడా గుర్తింపు ఆగకుండా కొనసాగుతోందంటే, తనిఖీ ఎవరి కోసం జరుగుతున్నట్టు?

ఆరోగ్య శాఖ చేయగలిగిన పని ఇంకా సులువు. ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఆగస్టులో, బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ పిల్లలందరికీ నులిపురుగుల మాత్ర వేస్తున్నారు. మాత్ర వేసే ఆ రోజే ‘వారానికి ఎన్నిసార్లు వెళ్తున్నావు, నొప్పిగా ఉంటోందా’ అని రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంటే, అవసరమైన పిల్లలు ఎవరో తేలిపోతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి లేదా అదే పని చేసే లాక్టులోజ్ సిరప్ నెలల తరబడి ఆగకుండా దొరకాలి. పది రోజులకు సరిపడా ఇచ్చి పంపితే ఈ జబ్బుకు వైద్యం చేసినట్టు కాదు.

మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకంటే ముందు టీచరు రుచి చూడాలన్న నిబంధన మన బడుల్లో ఉంది. మరుగుదొడ్లకూ అలాంటిదొకటి కావాలి. ఏపీలో ఉపాధ్యాయులతో ఫొటోలు తీయించి యాప్‌లో పెట్టించే పద్ధతి కొన్నాళ్లు నడిచి 2024లో ఆగిపోయింది, ఆగడమే సబబు. ఫొటోలో గడియ పడుతుందో లేదో తెలియదు, పదిన్నరకు చెయ్యెత్తిన పిల్లను పంపారో లేదో అసలే తెలియదు. టీచర్లకు వేరే గది, దానికి తాళం, పిల్లలకు మాత్రం వెనకాల షెడ్డు అన్న ఏర్పాటు ఉన్న బడుల్లో తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారి ఆ తాళం తీయమనకుండా, పిల్లలు వాడే షెడ్డునే తానూ వాడి రావాలి.