మూడు కొటేషన్ల తోట

ఈ నాలుగు ముక్కలూ కుడి వైపుకి ఒరిగి కూర్చుని రాస్తున్నాను. ఎడమ వైపు కూర్చునే యోగం ఇంకో వారం దాకా లేదట. జరిగింది శుక్రవారం, ఇవాళ మంగళవారం. ఆఫీసులో అందరూ అడగటం అయిపోయింది. ఇప్పుడు తెలియనివాళ్ళకి తెలిసినవాళ్ళే చెబుతున్నారు. నాకన్నా బాగా చెబుతున్నారు కూడా.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఏప్రిల్లో అరకు వైపు బదిలీ అయింది. ఊరి చివర కొండవాలు మీద క్వార్టరిచ్చారు. మాది పై వరస, కింది వరసలో ఇంకో సెక్షన్ సూపరింటెండెంటు గారు. మా వెనక గుమ్మం నుంచి ఆయన పెరటి గోడ దాకా ముప్పై అడుగుల జాగా, అందులో పది అడుగులు దిగుడే. మా ఆవిడ అది చూసి "ఇక్కడ బీరపాదు, అక్కడ బంతిమొక్కలు" అంది. అంతలో జూన్ వచ్చింది, వాన వచ్చింది. మా వైపు వాన చుట్టంలా వచ్చి పోతుంది. 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో వాన అద్దెకి దిగుతుంది. అక్టోబరు దాకా ఖాళీ చెయ్యదు.

క్వార్టర్ల తోటపనికి ఆఫీసు ఏడాదికి 3,000 రూపాయలిస్తుంది. మూడు కొటేషన్లు కావాలంది. విశాఖలో ఉన్న మా అకౌంట్స్ సెక్షన్‌కి ఫోన్ చేశాను.

"ఇక్కడ తోటమాలికి లెటర్‌హెడ్ ఉండదండీ."

"లేకపోతే లేదని లెటర్‌హెడ్ మీద రాయించి పంపండి."

ఇది నేను కల్పించింది కాదు. ఆ మాట అన్న మనిషి పేరు రాయను గానీ, ఆయన క్వార్టరు మూడో అంతస్తులో ఉంది, ఆయనకి తోట ఒక తులసి కుండీ. ఈ కొండ మీద నా బంతిమొక్కల కోసం పని మానుకుని వచ్చేదెవరు? ఎవరి కాఫీ, ఎవరి మిరియాల తీగ, ఎవరి అల్లం మడి వాళ్ళకున్నాయి. వెతగ్గా వెతగ్గా ఒక్క పెద్దాయన దొరికాడు. రోజుకెంత అని అడిగితే "వాన పడితే ఎంత, పడకపోతే ఎంత బాబూ?" అని ఆయనే నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకి కొటేషన్ ఫారంలో గడి లేదు. చివరికి మూడు కొటేషన్లూ వెళ్ళాయి. ఎలా వెళ్ళాయో వద్దు. నా ఎడమచేతి రాత అంత బాగుంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

శాంక్షన్ వచ్చేలోగా ఊరుకున్నానా అంటే లేదు. ముందు ఆదివారమే నేనే పార పట్టి, గుమ్మం దగ్గర నుంచి గోడ దాకా నిలువునా మూడు కాలువలు తీశాను. తాడు కట్టి మరీ. సొంత డబ్బు 1,800 పోసి ఆటోడు మాగిన పెంట తెప్పించాను (ఇక్కడ దాన్ని గెత్తం అంటారు). మధ్యలో నలభై బంతి నారు, ఒక బీరపాదు, దానికో కర్ర. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా ఆవిడ ఫోటో తీసి వాళ్ళ అక్కకి పంపింది.

శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఆప్షనల్ హాలిడే పెట్టుకున్నాను. మా ఆవిడ పేరంటానికి వెళ్ళింది. పెద్దాయన వచ్చాడు. గునపం, పార, నెత్తి మీద నుంచి వీపు దాకా అడ్డాకుల గిడుగు. వానలో ఆయన పొడిగా ఉన్నాడు, గొడుగు పట్టుకున్న నేను తడిగా ఉన్నాను. వచ్చినవాడు తోట చూడలేదు. ముందు మా ఇంటి చూరు చూశాడు, చూరు నీళ్ళు పడేచోటు చూశాడు, అక్కడ నుంచి నీళ్ళతో పాటు కళ్ళని కిందికి పోనిచ్చాడు. నా మూడు కాలువల దగ్గర ఆగాడు.

"ఇవి ఎవరు తీసేరు?"

"నేనే."

ఏమీ అనలేదు. చుట్ట తీసి వెలిగించుకున్నాడు. కాసేపటికి "అడ్డంగా తియ్యాలి బాబూ" అన్నాడు.

అక్కడ ఊరుకుంటే పోయేది. కానీ నేను గోదావరి డెల్టా వాణ్ణి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచీ మా వైపు నీళ్ళంటే చెప్పిన మాట వినే పిల్లలు. లాకు ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి. మా చేల చదునెంతంటే, ఈ గట్టు దగ్గర చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పోవాలా అని కాసేపు ఆలోచిస్తాయి. అలాంటి చోట పుట్టిన నాకు కాలువ గురించి ఇంకొకరు చెప్పటమా! పెద్దాయనకి కాటన్ దొర గురించి చెప్పాను. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె, తూము అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"కాలువ తిన్నగా ఉంటేనే నీళ్ళు పారతాయి" అని ముగించాను.

"పారతాయి బాబూ" అన్నాడు. "నీళ్ళెనకాల మట్టి కూడా పారద్ది."

ఇంకా అర్థం కాలేదేమో అని, దగ్గరుండి చూపిద్దామని లుంగీ ఎగ్గట్టి, గొడుగు ఎడమచేత్తో, తాడు కుడిచేత్తో పట్టుకుని, హవాయి చెప్పులతో మధ్య కాలువలో అడుగు పెట్టాను.

మా ఊళ్ళో నేను చాలాసార్లు పడ్డాను. వరిగట్టు మీద పడ్డాను, రేవులో పడ్డాను, సైకిలు మీద నుంచి పడ్డాను. అక్కడ పడటం భూతకాలం. "పడ్డాడు" అనేసరికి పని అయిపోతుంది. లేస్తాం, దులుపుకుంటాం. ఇక్కడ పడటం వర్తమానం. పడుతున్నాను, పడుతూనే ఉన్నాను, ఇంకా పడాల్సింది చాలా ఉందని కళ్ళకి కనిపిస్తోంది. మధ్యలో ఆలోచించుకోవటానికి కూడా తీరిక దొరుకుతుంది. ముందు చెప్పుల గురించి ఆలోచించాను (ఒకటి అప్పటికే నా ముందు వెళ్తోంది, నాకన్నా తిన్నగా). తరవాత లుంగీ గురించి ఆలోచించాను. ఆ ఆలోచన ఇక్కడ రాయను. బీరపాదు కర్ర కనబడితే గట్టిగా పట్టుకున్నాను. అది ఊడి, పాదుతో సహా నాతో బయల్దేరింది. నా వెనక గెత్తం బయల్దేరింది. దాని వెనక బంతి నారు, ఒక్కొక్క మొక్కా వేళ్ళు ఆడించుకుంటూ.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. కాలువ తీయటం మాత్రం అద్భుతంగా తీశాను. ఎక్కడా రాయి తగల్లేదు, వంపు లేదు, అడ్డు లేదు. తూము లేదు, లాకు అంతకన్నా లేదు. కాటన్ దొర కొండ మీద కాలువ తవ్వించి ఉంటే ఇలాగే ఉండేదేమో. ఇంకో వింత ఏమిటంటే, అంత దూరమూ గొడుగు తిన్నగా పట్టుకునే ఉన్నాను. మెడ నుంచి కిందికి ఎర్రమట్టి. నెత్తి మీద ఒక్క చుక్క పడలేదు.

చివర గోడ ఉంది కదా, ఆగిపోతాననుకున్నాను. లేదు. ఆ గోడ జులై వానకి నాలుగడుగుల మేర కూలింది. దాన్ని కట్టటానికి కొటేషన్లు వేరే ఫైల్లో నడుస్తున్నాయి. రెండు కొటేషన్లు వచ్చాయట, మూడోది రావాలట. కొలిచినట్టు ఆ నాలుగడుగుల సందులోంచే కింది క్వార్టరు పెరట్లోకి వెళ్ళి, వాళ్ళ వెనక వరండా మెట్టుకి కాళ్ళు తన్ని ఆగాను.

వరండాలో పేరంటం. పట్టుచీరల్లో ఎనిమిది మంది. మధ్యలో పళ్ళెం నిండా నానబెట్టిన శనగలు, తమలపాకులు, పసుపు కుంకుమలు. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. ఇంటావిడ మాత్రం మర్యాదస్తురాలు.

"అయ్యో అన్నయ్యగారూ, ముందు గుమ్మం తీసే ఉంది కదండీ" అంది.

వాళ్ళ అత్తగారు కళ్ళజోడు సర్దుకుని "ఎవరే ఈయన?" అని అడిగింది.

"పై క్వార్టరు అన్నయ్యగారండీ, అత్తయ్యగారూ."

"పైనుంచే వచ్చాడని తెలుస్తోందిలే."

ఎనిమిది మందిలో ఒకరు మా ఆవిడ. నన్ను చూసి, ఎరగనట్టు తల తిప్పుకుని, లోపలి గదిలో కనిపిస్తున్న అమ్మవారి కలశం వంక భక్తిగా చూస్తూ కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడలో అంత భక్తి నేనెప్పుడూ చూడలేదు. ఈలోగా నా చేతిలో ఏదైనా పెట్టి పంపాలా వద్దా అని చర్చ మొదలైంది. వాయనం మగవాళ్ళకి ఇవ్వరని ఒకావిడ, ప్రసాదమైతే తప్పులేదని ఇంకొకావిడ. ఇంట్లోకి వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపితే వ్రతఫలం ఏమవుతుందో అని అత్తగారు. ఆ చర్చ తేలేదాకా నేను బురదలో, గొడుగు కింద, బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. చివరికి విస్తరాకు ముక్కలో ఒక పూర్ణంబూరె, గుప్పెడు శనగలు ఇచ్చారు. చెయ్యి కడుక్కోవటానికి నీళ్ళు ఇవ్వటం మరిచిపోయారు.

అప్పుడు చూశాను పైకి. పెద్దాయన దిగి వస్తున్నాడు. ఉత్తకాళ్ళు. వేళ్ళు మట్టిలో దిగేసి, ఒక అడుగు ఇటు వాలుగా, ఒక అడుగు అటు వాలుగా, వంకరటింకరగా, చుట్ట ఆరకుండా. నా రెండో చెప్పు ఏరుకుని తెచ్చి పక్కన పెట్టాడు. నవ్వలేదు. ఆ విషయంలో ఆయనకి నేనెంతో రుణపడి ఉన్నాను. నాతో పాటు వచ్చిన గెత్తాన్ని బొటనవేలితో కదిపి చూశాడు.

"మంచి గెత్తం" అన్నాడు, సూపరింటెండెంటు గారితో.

తరవాత సంగతి క్లుప్తంగానే చెబుతాను, అది తలుచుకుంటే ఎడమ వైపు ఇంకా నొప్పిగా ఉంటుంది. సూపరింటెండెంటు గారు ఫైలూ వద్దు, శాంక్షనూ వద్దు అని జేబులోంచి రోజుకి 500 తీసి పెద్దాయన్ని శనివారమే పనిలో పెట్టుకున్నారు. శని, ఆది రెండు రోజుల్లో ఆయన వాళ్ళ పెరట్లో అడ్డంగా మూడు రాతిగట్లు వేశాడు. గట్ల వెంట కొండచీపురు దుబ్బులు పెట్టాడు. నా గెత్తం ఎత్తి గట్ల వెనక పరిచాడు. బురదలోంచి బంతి నారు ఏరి, కడిగి, వరసగా నాటాడు. ముప్పై ఆరు బతికాయి. బీరపాదు కూడా వాళ్ళ దడి పట్టుకుంది. నిన్న రాత్రి కుండపోత పడింది. పొద్దున్నే వెళ్ళి చూశాను. గుప్పెడు మట్టి కదిలితే ఒట్టు. మా జాగాలో మాత్రం నేను తీసిన మూడు కాలువలూ ఒకటైపోయి, మోకాలి లోతు గండి పడింది.

ఇవాళ మధ్యాహ్నం అకౌంట్స్ సెక్షన్ నుంచి కాయితం వచ్చింది. మూడు కొటేషన్లూ పరిశీలించారట. అతి తక్కువ కోట్ చేసిన వ్యక్తికి పని అప్పగించాలట. అతి తక్కువ కోట్ చేసింది పెద్దాయన కాదు, నా ఎడమచెయ్యి. నాలుగనుకుని వేసిన అంకె వాళ్ళకి ఒకటిలా కనిపించింది. పైగా పని మొదలుపెట్టే ముందు తోట ఫోటో ఒకటి, పూర్తయ్యాక ఒకటి జతపరచకపోతే బిల్లు పాస్ కాదని కింద ఎర్రసిరాతో రాశారు.

సరే, పూర్తయ్యాక ఎలా ఉంటుందో ఆ ఫోటో అయినా ముందు తీసి పెట్టుకుందామని ఫోన్ పట్టుకుని కింది క్వార్టరుకి వెళ్ళాను. ఈసారి ముందు గుమ్మంలోంచే. గట్టు పక్కన నిలబడి, ఒక కాలు వెనక్కి వేసి, బంతిమొక్కలన్నీ ఫ్రేములోకి వస్తాయా లేదా అని చూస్తున్నాను. వంటింటి కిటికీలోంచి ఇంటావిడ కేకేసింది.

"అన్నయ్యగారూ, కాస్త జరగండి. మా మొక్కలు తొక్కేస్తున్నారు!"