ర్యాంకు సరే, చదివే పిల్లల్ని అడిగారా?

ర్యాంకు చూసి యూనివర్సిటీ ఎంచుకోమన్న మీ సలహా నాకు నచ్చలేదు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ర్యాంకు చూసే మా అమ్మాయిని దూరాన చేర్పించాం. సగం సెమిస్టరు దాకా రెండు సబ్జెక్టులకు లెక్చరర్లే లేరు. హాస్టల్లో నీళ్ల కోసం తెల్లవారుజామున 4 గంటలకే లేచేది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్ల, పాఠం అర్థం కాక ఫోన్లో ఏడిస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ యూనివర్సిటీ ర్యాంకుల్లో పరిశోధనకు 30 శాతం, పేరుప్రతిష్ఠలకు 10 శాతం మార్కులు. ఆ పేరు కూడా ఉద్యోగాలిచ్చేవాళ్లను, తోటి అధ్యాపకులను అడిగి లెక్కకట్టేదే. బ్రిటన్‌లో 2005 నుంచి చదువు ఎలా ఉందో ఆఖరి ఏడాది విద్యార్థులనే సర్వేలో అడుగుతున్నారు. మన దగ్గర కాలేజీల, యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ విద్యార్థుల సంతృప్తి సర్వే చేస్తుంది కానీ, అది ఆ గుర్తింపు కోసం, ఈ ర్యాంకు కోసం కాదు.

అబ్బాయి చదువు కోసం ఈసారి నేనే బరంపురం వెళ్లి, అక్కడి యూనివర్సిటీ క్యాంటీన్ దగ్గర పిల్లల్ని అడిగి వచ్చాను.