పుంజుకి లక్షలు, పెట్టకి లెక్కే లేదు

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఏ బరి దగ్గర విన్నా పుంజు గురించే మాట. డేగా, కాకా, నెమలా, ఎవరి తోటలో పెరిగింది, ఎంతకి కొన్నారు, బాదం పెట్టారా ఖైమా పెట్టారా. ఆ పుంజుని కన్న పెట్ట ఇప్పుడు ఎవరి దొడ్లో ఉంది, బతికే ఉందా, దానికి అప్పచెల్లెళ్లు మిగిలాయా అని అడిగేవాళ్లు మాత్రం కనపడరు. గోదావరి జాతి కోడికి, అంటే మన అసీల్‌కి వచ్చిన ముప్పంతా ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

పందెం గురించి నా మాట ముందే చెప్పేస్తాను. కత్తి కట్టి కోళ్లని చంపించడాన్ని నేను సమర్థించను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, మన గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది, 2016 డిసెంబరులో హైకోర్టు కూడా పందేలు ఆపాలని గట్టిగానే చెప్పింది. అయినా ఒక విషయం కాదనలేం. ఈ జాతి ఇన్నాళ్లు నిలిచిందంటే అది పందెం డబ్బు వల్లే. గుడ్ల కోసమైతే దీన్ని ఎవరూ పెంచరు, అసీల్ పెట్ట ఏడాదికి వంద గుడ్లు కూడా పెట్టదు, అనపర్తి, తణుకు వైపు ఫారాల్లో లేయర్ కోడి మూడొందలు దాటిస్తుంది. మాంసం లెక్క చూసినా అంతే, బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటిపోతుంది, జాతి పుంజు పూర్తిగా తయారవ్వాలంటే ఏడాదిన్నర మేపాలి. ఎవరు మేపుతారు, ఎందుకు మేపుతారు?

ఇప్పుడు ఆ పందెమే జాతిని పలచన చేస్తోంది. కత్తి లేని డింకీ పందెంలో పుంజు చాలాసేపు నిలబడాలి, దెబ్బ తట్టుకోవాలి, దమ్ము ఉండాలి. అసీల్‌కి ఆ బరువైన ఎముక, గట్టి మెడ, వెనక్కి తగ్గని గుణం అలాంటి ఎంపిక వల్ల వచ్చినవే. కత్తి పందెం నిమిషాల్లో తేలిపోతుంది, అందులో ఎవరు ముందు ఎగిరి కొడితే వాళ్లదే గెలుపు. దాంతో తేలికగా, వేగంగా ఉండే పెరూ కోళ్లు దిగాయి, మన పెట్టలతో కలిశాయి, ఇప్పుడు క్రాస్ పుంజులకే గిరాకీ. క్రాస్ చేయడం తప్పని నేను అనడం లేదు. చేసేముందు అసలు జాతిని కొంత పక్కన ఉంచుకోకపోవడం, ఏది ఏ రక్తమో ఎక్కడా రాయకపోవడం, ఇదీ నా బాధ. రెండు మూడు తరాలు కలిసిపోయాక వెనక్కి తీసుకురావడం ఎవరి వల్లా కాదు.

రాయడం అంటే మనకి కోడిపందేల కుక్కుట శాస్త్రం ఉంది కదా అంటారు. ఉంది, అందులో రంగుల పరిశీలన చాలా సూక్ష్మంగా ఉంటుంది. కాకి, డేగ, సేతు, పర్ల, సవల, అబ్రాసు, రసంగి, ఇన్ని పేర్లతో కోడి ఈకని చూసిన జనం ఇంకెక్కడైనా ఉన్నారో లేదో. కానీ ఆ పేర్లు రంగుకి సంబంధించినవి, వంశానికి సంబంధించినవి కావు. ఒకే పెట్ట కింద పొదిగిన పిల్లల్లో ఒకటి డేగ అవ్వొచ్చు, ఇంకోటి కాకి అవ్వొచ్చు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాబితాలో ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల జాతిగా అసీల్ అనే ఒక్క పేరు ఉంది. మెట్టవాటం, చిలకముక్కు, తూర్పు జాతి అని మన పెంపకందార్లు చూడగానే విడదీసి చెప్పే తేడాలు వాళ్ల కళ్లలో, చేతుల్లో తప్ప కాగితం మీద లేవు. ఆ పెద్దవాళ్లు పోతే ఆ చూపూ పోతుంది.

ఇక అందరికీ తెలియాల్సిన లెక్క ఒకటుంది. గెలిచిన పుంజు దొరికితే మనవాళ్లు ఉన్న పెట్టలన్నిటికీ దాన్నే వదులుతారు. ఒక పుంజు, ఇరవై పెట్టలు అనుకోండి. చూడ్డానికి ఇరవై ఒక్క కోళ్లు. జన్యు శాస్త్రం ప్రకారం ఆ మంద అసలు బలం, అంటే నిజానికి అది ఎన్ని కోళ్లతో సమానమో, పుంజుల సంఖ్యని పెట్టల సంఖ్యతో, నాలుగుతో హెచ్చించి, మొత్తం కోళ్లతో భాగిస్తే వస్తుంది. అంటే 4×1×20÷21, నాలుగు కూడా రాదు. పెట్టల్ని నలభై చేసినా అది నాలుగు దాటదు. అదే ఇరవై పెట్టలకి ఐదు పుంజుల్ని పెడితే పదహారుకి వెళ్తుంది. పైగా చాలామంది తండ్రిని కూతుళ్ల మీదికే వదులుతారు, రక్తం చిక్కబడుతుందని. అలా పుట్టిన పిల్లల్లో ఒక్క తరానికే ఇరవై ఐదు శాతం అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తం కలవడం, చేరుతుంది. పది గుడ్లు పొదగేస్తే సగం మురిగిపోవడం, పిల్లలు ఎదగకపోవడం, పుంజుకి సత్తువ తగ్గడం చూసి దాణా బాలేదనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. చాలా దొడ్లలో అసలు సంగతి ఇదే.

దీనికి తోడు మంచి జాతి ఉన్నవాళ్లు పుంజుని అమ్ముతారు గానీ పెట్టని గడప దాటనివ్వరు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, పెట్ట బయటికెళ్తే జాతి బయటికెళ్లినట్టే. ఆ జాగ్రత్త వల్లే కొన్ని రక్తాలు కలుషితం కాకుండా మిగిలాయి కూడా. కానీ ఒకే దొడ్లో మూసి ఉంచిన రక్తం ఒక్క తెగులుకి పోతుంది. 2025 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు వైపు బర్డ్ ఫ్లూ ఖాయమైంది. నిబంధన ప్రకారం వ్యాధి బయటపడిన చోటి నుంచి కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ చంపాలి, ఫారం కోడా పెరటి కోడా అని చూడరు. వ్యాధిని ఆపాలంటే అంతకంటే దారి లేదు, దాన్ని తప్పుపట్టను. మరి ఒక వంశమంతా ఆ కిలోమీటరులోనే ఉంటే?

ఆవులకైతే వీర్యం గడ్డకట్టించి దాస్తాం, పిండాలూ దాస్తాం. కోడి పిండం పచ్చసొనతో కలిసి ఉంటుంది కాబట్టి గడ్డకట్టించి దాచలేం. పుంజు వీర్యం దాచొచ్చు గానీ దాంతో గుడ్లు పొదగడం అంత నమ్మకం కాదు, పైగా పెట్ట వైపు నుంచి మాత్రమే వచ్చే జన్యువులు కొన్ని ఉంటాయి, అవి వీర్యంలో దొరకవు. కాబట్టి పెంపకందార్లు కోడి జాతిని దాచుకోవాలంటే బతికున్న పెట్టల రూపంలోనే, నాలుగైదు ఊళ్లలో. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ అసీల్ మందని పోషిస్తోంది, అది చాలా విలువైన పని. కానీ ఒక సంస్థలోని మంద కోనసీమ కొబ్బరి తోటల్లో, భీమవరం దొడ్లలో ఉన్న వైవిధ్యమంతటినీ మోయలేదు.

ఆ సంస్థే వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకాల్ని కూడా తయారుచేసింది. పేద ఇళ్లలో ఆడవాళ్లకి గుడ్ల ఆదాయానికి అవి మంచి కోళ్లు. పంచేవాళ్లు ఆ ఊళ్లో జాతి కోళ్లు ఉన్నాయా అని ముందు కనుక్కుంటే చాలు, రెండూ ఒకే వీధిలో తిరిగితే కలవకుండా ఆపగలిగేవాళ్లు లేరు.

చేయాల్సింది ఖర్చుతో కూడిన పనేం కాదు. పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజే కాలి వేళ్ల మధ్య పొరకి చిన్న చిల్లు పెట్టొచ్చు. రెండు కాళ్లకీ కలిపి నాలుగు పొరలు, వాటితో పదహారు రకాల గుర్తులు వస్తాయి. ఏ గుర్తు ఏ పెట్ట పిల్లదో నోటు పుస్తకంలో రాస్తే వంశావళి మొదలైనట్టే. ముగ్గురు నలుగురు పెంపకందార్లు ఒకరినొకరు నమ్మగలిగితే ఇంకా మేలు: పెట్టపిల్లలు ఎవరి దొడ్లో వాళ్లకి ఉండిపోతాయి, పుంజుపిల్లలు ప్రతి తరానికీ పక్క దొడ్డికి వెళ్తాయి. దగ్గరి రక్తం కలిసే వేగం బాగా తగ్గుతుంది, పెట్ట గడప దాటుతుందన్న భయమూ ఉండదు.

కొక్కెర తెగులు (రాణిఖెట్) టీకా విషయం కూడా చెప్పాలి. సీసా విప్పి కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఒక్కో సీసాలో మామూలుగా వంద, అంతకంటే ఎక్కువ డోసులుంటాయి, ఇంటికి పది కోళ్లున్నవాళ్లు ఒక్కరే ఎందుకు కొంటారు? ఊరంతా ఒకే రోజున వేయించేలా పశువైద్యశాల తేదీ ప్రకటిస్తే ఏటా పోయే జాతి పెట్టల్లో చాలా భాగం మిగులుతాయి.

మన అసీల్ రక్తం ఇంగ్లండ్ వెళ్లి కార్నిష్ కోడి తయారవడంలో కలిసింది, ఆ కార్నిష్ నుంచే ఈనాటి బ్రాయిలర్ తండ్రి వైపు వంశం వచ్చింది. అక్కడివాళ్లు రాసుకున్నారు కాబట్టి మనకీ సంగతి తెలుస్తోంది. మధ్యప్రదేశ్‌లో ఝాబువా జనం కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు, పందెంతో పనిలేకుండా ఆ కోడికి ధర పలుకుతోంది. అసీల్‌కి కూడా అలాంటి గిరాకీ రావాలంటే కొనేవాడు ఇది ఏ ఊరి జాతి, రుజువేంటి అని అడుగుతాడు. ఆ రోజు చూపించడానికి మన దగ్గర పెట్టల పుస్తకం ఉండాలి, అది పశుసంవర్ధక శాఖ మొదలుపెట్టేదాకా ఆగాల్సిన పని లేదు.