హంగేరీ శరణార్థులు స్వదేశాన్ని మరిచిపోయారా?

"1956లో హంగేరీ వదిలినవాళ్లు డబ్బు కోసం పోయారు. సరిహద్దు దాటగానే దేశాన్ని మరిచారు. కమ్యూనిస్టు పాలన కూలాకే దేశభక్తి గుర్తొచ్చింది." ఈ మాట ఈమధ్య చాలామంది పంచుకుంటున్నారు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

డబ్బు సంగతి ముందు. కమ్యూనిస్టు పాలనకు ఎదురుగా ఆ ఏడాది అక్టోబరు 23న మొదలైన తిరుగుబాటును అణచడానికి నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ మీద విరుచుకుపడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో దాదాపు 2 లక్షల మంది ఆస్ట్రియాకు, యుగోస్లావియాకు దాటారు. వారిలో మెరుగైన బతుకు కోరుకున్నవారూ ఉన్నారు, కాదనను. కానీ వెనక అరెస్టులు, ఉరిశిక్షలు సాగుతుంటే ప్రాణాలకు తెగించి వెళ్లినవారందరినీ ఆశపోతులనడం అన్యాయం.

"మరిచారు" అన్నదే నాకు అన్నిటికంటే బాధ కలిగించిన మాట. అనుమతి లేకుండా దేశం దాటడం అప్పట్లో అక్కడ నేరం. ఇంటికి రాసే ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అందుకే చాలామంది అప్పట్లో పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్ నుంచి కమ్యూనిస్టు దేశాల శ్రోతల కోసం ప్రసారమైన రేడియో ఫ్రీ యూరప్‌లో, ఇంటివాళ్లకు మాత్రమే తెలిసిన మారుపేరుతో, క్షేమంగా చేరామని కబురు చెప్పించుకున్నారు. అసలు పేరు చెప్పకపోవడం ఇంట్లో మిగిలినవారి భద్రత కోసం. దాన్ని తెగతెంపులంటారా?

హంగేరీలోని షోప్రోన్ పట్టణపు అటవీ విద్యాలయం కథ చూడండి. అధ్యాపకులు, సుమారు 200 మంది విద్యార్థులు కలిసికట్టుగా దేశం దాటి, 1957లో కెనడా చేరారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తమ గురువుల దగ్గరే, హంగేరియన్ భాషలోనే చదువు కొనసాగించారు. చివరి తరగతి 1961లో పట్టా పుచ్చుకుంది. మరిచిపోదలచినవారు పరాయి గడ్డ మీద తమ బడిని నిలబెట్టుకుంటారా? రచయితలూ అంతే. బుడాపెస్ట్‌లో ఆగిపోయిన 'ఇరోదల్మి ఉయ్‌షాగ్' సాహిత్య పత్రికను 1957లో లండన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత అది పారిస్‌కు మారి 1989 దాకా నడిచింది.

తిరిగి వెళ్లనివారూ ఉన్నారు. కంప్యూటర్ చిప్‌ల సంస్థ ఇంటెల్‌కు సారథ్యం వహించిన ఆండ్రూ గ్రోవ్ మళ్లీ హంగేరీలో అడుగుపెట్టలేదు. అయినా తన బుడాపెస్ట్ బాల్యం మీద ఒక పుస్తకమే రాశాడు. వెళ్లకపోవడం, మరిచిపోవడం ఒకటి కావు.

పాలన కూలాకే దేశభక్తి పుట్టిందన్న మాటకు తేదీలే జవాబు. ఆ పాలన కూలింది 1989లో. తిరుగుబాటు కాలంలో ప్రధానిగా ఉన్న ఇమ్రే నాజ్‌ను 1958 జూన్ 16న ఉరితీసి, గుర్తు కూడా లేని గోతిలో పూడ్చారు. ముప్పై ఏళ్లకు, 1988లో అదే రోజున, ప్రవాసులు పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలో ఆయనకూ సహచరులకూ స్మారక సమాధి కట్టి నివాళులర్పించారు. ఆ రోజు బుడాపెస్ట్‌లో ఆయన్ను స్మరించుకోవడానికి గుమికూడినవారిని పోలీసులు కొట్టి చెదరగొట్టారు. స్వదేశంలో ఆయనకు బహిరంగ అంత్యక్రియలు జరిగింది ఆ మరుసటి ఏడాదే.