బతికున్నట్టు ఎన్నిసార్లు చెప్పాలి?

ఆగస్టు 15న తొంభై దాటిన ఓ మాజీ జవానుకు శాలువా కప్పారు. నవంబరులో, పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, అంటే ఆయన బతికే ఉన్నాడనే రుజువు తెమ్మన్నారు. తేవడానికి మనవలు ఆయన్ని ఏరు దాటించి తీసుకొస్తే, 'వేలు పడటం లేదండి, రేపు రండి' అని పంపేశారు. పింఛను ఆగిపోయింది. ఆయన సంగతి గోదావరి డెల్టాలో అందరికీ తెలిసిందే. పేరు, ఊరు మళ్లీ రాసి ఆ కుటుంబాన్ని వీధిలో నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. ఒక కుర్రాడి మీదో, ఒక కౌంటర్ మీదో తప్పు తోసేసి చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. పండగ రోజున సైనికుడని పొగిడి, మిగిలిన రోజుల్లో అనుమానితుడిలా నిలబెట్టే అలవాటు పైనుంచి కింది దాకా పాకింది. మా కోపం ఆ అలవాటు మీద.

చనిపోయినవాళ్ల పేరున పింఛన్లు తీసుకునే మోసాలున్నాయి, తనిఖీ లేకపోతే ప్రజల సొమ్ము పోతుంది అని అధికారులు అంటారు. తనిఖీ వద్దని ఎవరూ అనలేదు. తనిఖీ చేసేవాడు కదలాలా, మంచం పట్టినవాడు కదలాలా అన్నదే ప్రశ్న.

ఈయనలాంటి వాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోవాలి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. అంత పేరు రాకపోయినా, ఒకరో ఇద్దరో 'మిలట్రీ ఆయన' లేని ఊరు రెండు గోదావరి పాయల మధ్య అరుదు. పద్దెనిమిదీ ఇరవై ఏళ్లకు మద్రాస్ రెజిమెంట్‌కో, బెంగళూరులోని మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీరింగ్ దళానికో, ఫిరంగి దళానికో వెళ్లారు. 1962 చూశారు, 1965 చూశారు, 1971 డిసెంబరు చూశారు. పతకాలు, పేపర్లో ఫొటోలు అందరికీ రావు. చాలామంది వంతెన కట్టారు, లారీ నడిపారు, వైర్‌లెస్ మోశారు, మంచులో కాపలా కాశారు. ముప్ఫై అయిదు, నలభై ఏళ్లకల్లా నల్ల ట్రంకు పెట్టెతో ఇంటికి వచ్చేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లు సార్వా, దాళ్వా, కొబ్బరి తోట, కాలువ నీటి వంతులు, పిల్లల పెళ్లిళ్లు. ఊళ్లో ఎవరికి అర్జీ రాయాలన్నా ఆయన దగ్గరికే వెళ్లేవారు. వరదొస్తే ఏటిగట్టు మీద రాత్రంతా లాంతరు పట్టుకుని తిరిగింది కూడా ఆయనే. యూనిఫాం విప్పాక ఆయన చేసిన ఈ రెండో సర్వీసును సైన్యంలోని ఏ రికార్డ్ ఆఫీసూ రాసుకోలేదు.

ఆ యాభై ఏళ్ల పనే ఇప్పుడు ఆయన మీద నేరమైంది. నాట్లు వేసి, కోతలు కోసి, కొబ్బరి ఒలిచిన వేళ్ల మీద గీతలు మిగలవు. ముసలితనంలో చర్మం పలచబడి, ఉన్న కాస్తా అరిగిపోతుంది. రేషన్ దగ్గర ఇదే గొడవ, బ్యాంకు దగ్గర ఇదే గొడవ, లైఫ్ సర్టిఫికెట్ దగ్గరా ఇదే. ఐరిస్, అంటే కంటిపాప స్కాన్, పెట్టి చూద్దామంటే కంటికి శుక్లాలు. ఇంతకుముందు బ్యాంకులో ముఖం చూసి, 'ఏం తాతగారూ బాగున్నారా' అని పలకరించి రిజిస్టర్లో సంతకం తీసుకునేవారు. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వెళ్లాయి. డబ్బు నేరుగా ఖాతాలో పడటం మంచిదే, ఒప్పుకుంటాం. కానీ ఏదైనా తేడా వస్తే అడగడానికి ఊళ్లో ఎదురుగా మనిషి లేడు. ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయానికి లంక గ్రామం నుంచి ఉత్తరం రాసే ఓపిక తొంభై ఏళ్లవాడికి ఎక్కడిది?

పేర్ల చిక్కు అంతకంటే ఘోరం. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. ఆనాటి రిక్రూటింగ్ గుమస్తాకు ఈ పద్ధతి తెలియదు. ఒకరికి ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలింది, ఇంకొకరికి పేరు మధ్యలో దూరింది, మరొకరికి పూర్తిగా ఎగిరిపోయింది. ఆధార్‌లో మాత్రం పొడవాటి పూర్తి పేరు. పుట్టిన తేదీ సంగతి సరేసరి. బడి మొహం చూడని కుర్రాడిని ఎత్తు, ఛాతీ కొలిచి, వయసు ఉజ్జాయింపుగా రాసుకుని చేర్చుకున్న రోజులవి. పాత పింఛను ఉత్తర్వుల్లో కొన్నిటిలో పుట్టిన తేదీయే ఉండదు. భార్య పేరు సర్వీసు రికార్డులో 'సత్యవతి' అని, ఆధార్‌లో 'వెంకట సత్యవతి' అని ఉందనుకోండి. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ కష్టాలు మొదలు. పెళ్లయిన ఏడాది, జవాను ఇంటి వివరాలు సైన్యం నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో ఒక అక్షరం తప్పు పడినందుకు డెబ్భై ఏళ్ల తర్వాత విధవరాలు అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. తప్పు రాసింది ప్రభుత్వం, దిద్దించుకోవాల్సింది ఆమె.

దీన్ని మొండితనం అని ఊరుకోలేం. ఇది కపటం. ఎందుకంటే వయసును గౌరవిస్తున్నామని పింఛను నిబంధనల్లో రాసుకున్నది ఇదే ప్రభుత్వం. ఎనభై నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్లకు నూటికి నూరు శాతం. ఎంత చక్కటి నిబంధన! మనిషి కదల్లేని వయసులో మందులకూ మనిషి సాయానికీ ఖర్చు పెరుగుతుందని ఎవరో మనసున్నవాళ్లు ఆలోచించి పెట్టారు. కానీ ఆ అదనం రావాలంటే రికార్డులో పుట్టిన తేదీ సరిగా ఉండాలి, ఏటా బతికున్నట్టు ముద్ర పడాలి. పైన ఒక చేత్తో పెంచుతూ, కింద ఇంకో చేత్తో తలుపు వేస్తున్నారు. ఎక్కువ బతికినవాడికే ఎక్కువ ఇబ్బంది.

ఈ ఆలస్యాలకు పాత చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. యుద్ధం అయిపోగానే వాళ్లలో అత్యధికులను పింఛను లేకుండా ఇళ్లకు పంపేశారు. పదిహేనేళ్ల సర్వీసు లేదు కదా అన్నారు. స్వతంత్ర దేశం మాజీ సైనికులకు వైద్య పథకం ఈసీహెచ్ఎస్ తెచ్చింది 2003 ఏప్రిల్‌లో. అందులోకి ఈ యుద్ధ సైనికులను రానిస్తామని కేంద్రం నిర్ణయించింది 2019 మార్చిలో. 1945లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అప్పటికి తొంభై రెండేళ్లు! మన ఊళ్లలో ఆ కార్డు అందుకునే నాటికి బతికున్న వాళ్లు ఎంతమంది ఉంటారు? ఈ డెబ్భై నాలుగేళ్లలో ఏ స్వాతంత్ర్య దినోత్సవమూ ఆగలేదు. వీర జవానులకు జోహార్లు అనని ప్రసంగమూ లేదు.

ఇప్పుడు సైన్యంలో జవాన్లుగా చేరేవాళ్లలో ముప్పావు వంతు మందిని అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకే పింఛను లేకుండా పంపేస్తారు. ఆ పథకం మంచిచెడ్డలు మరోసారి మాట్లాడుకుందాం. అరవై ఏళ్ల తర్వాత ఆ కుర్రాళ్లను ఏ కార్యాలయం గుర్తుపెట్టుకుంటుందో మాత్రం ఇప్పుడే అడగాలి. పదిహేనేళ్లు చేసినవాడి గతే ఇలా ఉంటే వాళ్ల గతేమిటి?

అసలు మండిపోయే సంగతి వేరే ఉంది. ఈ బాధ తప్పించే దారులన్నీ కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి. డెబ్భై దాటినవాళ్లకు లైఫ్ సర్టిఫికెట్ సహా సేవలు ఇంటి దగ్గరే అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది. వేలు పడనివారికి ముఖం చూపిస్తే చాలనే ఫేస్ అథెంటికేషన్ 2021 నవంబరులో వచ్చింది. మామూలు స్మార్ట్‌ఫోన్‌తో రెండు నిమిషాల పని. పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి సర్టిఫికెట్ చేసిపెట్టే ఏర్పాటు ఉంది, రుసుము 70 రూపాయలు. ఇవన్నీ ఉండగా, తొంభై ఏళ్లవాడిని పంటు ఎక్కించి పట్నం ఎందుకు రప్పించారు? ఫేస్ అథెంటికేషన్ ఉందని ఆ కౌంటర్లో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు? చెప్పాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. శాలువాలు కొనడానికి సర్క్యులర్ వస్తుంది, వేదిక మీద కుర్చీలు వేయడానికి సర్క్యులర్ వస్తుంది. దీని సర్క్యులర్ మాత్రం కౌంటర్ దాకా రాదు.

జిల్లా కలెక్టర్లు, సైనిక సంక్షేమ అధికారులు, బ్యాంకుల వాళ్లు కలిసి ఒక పూట కూర్చుంటే తీరే పని ఇది. ఎనభై దాటిన మాజీ సైనికులు, వాళ్ల భార్యలు ఏ ఊళ్లో ఉన్నారో జాబితా తీయండి. గ్రామ సచివాలయంలో ఉన్న ఉద్యోగికి ఫోన్ ఇచ్చి ఆ ఇళ్లకు పంపండి. పేరులో, పుట్టిన తేదీలో తేడా ఉంటే కాగితాలు అక్కడే ఫొటో తీసి రికార్డ్ ఆఫీసుకు మీరే రాయండి. తేడా తేలేదాకా పింఛను ఆపకండి. ఆగిన పింఛన్లు బకాయిలతో సహా ఈ నెలలోనే వేయించండి. ఎవరి పొరపాటు వల్ల ఆగిందో ఆ కార్యాలయం చేత ఆ కుటుంబానికి క్షమాపణ లేఖ రాయించండి.

ఇందులో చాలావరకు మీ చేతిలో ఉన్న పనే, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఇదీ చేయలేమంటారా? అయితే జనవరి 26న పరేడ్ మైదానంలో మాజీ సైనికులకు ముందు వరుస వేయకండి. వాళ్లను పిలవకండి, వాళ్లతో ఫొటోలు దిగకండి. ఆ పూటకు వేసే బండి ఏదో నవంబరులో లంక రేవుకు పంపండి.